విండోస్, మ్యాక్, లినక్స్ మూడూ ఒకే నెట్‌వర్క్ డిస్క్‌ని వాడాలంటే

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. రెండు విండోస్ 11 కంప్యూటర్లు, ఒక మ్యాక్‌బుక్, ఒక ఉబుంటు (లినక్స్‌లో ఒక రకం) ల్యాప్‌టాప్ ఉన్నాయి. ఖాళీగా పడి ఉన్న పాత కంప్యూటర్‌లో లినక్స్ వేసి, 4 టీబీ హార్డ్ డిస్క్ తగిలించి, దాన్ని నాలుగింటికీ పంచాలనుకున్నారు. విండోస్‌కీ మ్యాక్‌కీ సాంబా, ఉబుంటుకి ఎన్ఎఫ్ఎస్ పెట్టారు. రెండూ నెట్‌వర్క్ మీద ఫోల్డర్లు పంచడానికే. ఇప్పుడు విండోస్‌లో 'నెట్‌వర్క్' తెరిస్తే సర్వర్ కనిపించదు. మ్యాక్ నుంచి పెట్టిన ఫైల్‌ని ఉబుంటు మార్చనివ్వదు. డిస్క్‌ని విండోస్ ఫార్మాట్ అయిన ఎన్‌టీఎఫ్ఎస్‌కి మార్చాలేమోనని ఒక అనుమానం. పైగా ఎవరో ఐస్కజీ పెట్టుకోమన్నారు.

ఫార్మాట్ సంగతి ముందే తేల్చేద్దాం, ఎందుకంటే అది అసలు సమస్యే కాదు. డిస్క్ మీద ఏ ఫైల్ సిస్టమ్ ఉందన్నది సర్వర్ ఇంటి విషయం. విండోస్ గానీ మ్యాక్ గానీ ఆ డిస్క్‌ని ఎప్పుడూ నేరుగా ముట్టుకోవు. 'ఫలానా ఫైల్ తెరువు, అందులో ఇన్ని బైట్లు ఇవ్వు' అని సర్వర్‌ని అడుగుతాయి, అది తీసి ఇస్తుంది. లైబ్రరీలో కౌంటర్ దగ్గర నిలబడి పుస్తకం అడిగేవాడికి లోపల ఉన్నవి చెక్క బీరువాలా ఇనుప బీరువాలా అన్నది అక్కర్లేదు కదా. కాబట్టి సర్వర్ లినక్స్ అయితే డిస్క్‌ని లినక్స్‌కి సొంతమైన ఎక్స్‌ట్4 గానే ఉంచండి. స్నాప్‌షాట్లు (డిస్క్ ఒక క్షణంలో ఎలా ఉందో అలాగే దాచిన ప్రతులు) కావాలనుకుంటే బీటీఆర్ఎఫ్ఎస్ గానీ జడ్ఎఫ్ఎస్ గానీ చూడొచ్చు. ఎక్స్‌ఫ్యాట్ మాత్రం వద్దు. దానికి జర్నల్ (మధ్యలో కరెంటు పోతే సరిచేసుకోవడానికి రాసుకునే చిట్టా) లేదు, ఏ ఫైల్ ఎవరిదో రాసుకునే వ్యవస్థా లేదు. దాన్ని చేసింది పెన్‌డ్రైవ్‌ల కోసం. డిస్క్‌ని ఊడదీసి ఒక్కో కంప్యూటర్‌కీ తగిలించుకునే అలవాటుంటేనే ఎన్‌టీఎఫ్ఎస్, ఎక్స్‌ఫ్యాట్ చర్చకి అర్థం. మీరు ఊడదీయడం లేదు.

ఐస్కజీ గురించి ఇంకా గట్టిగా చెప్పాలి. ఐస్కజీ ఫైళ్లని పంచదు, డిస్క్‌నే పంచుతుంది. దాన్ని తగిలించుకున్న ప్రతి కంప్యూటరూ 'ఈ డిస్క్ నాది, నా ఒక్కదానిదే' అనుకుంటుంది. ఒకే డిస్క్‌ని ఐస్కజీ మీద రెండు కంప్యూటర్లు మామూలు ఫైల్ సిస్టమ్‌తో తెరిచాయనుకోండి. ఏ బ్లాక్ ఖాళీ, ఏది నిండింది అన్న లెక్కని ఒక్కోటీ తన మెమరీలో వేరుగా ఉంచుకుని, ఒకదాని రాత మీద ఇంకోటి రాసేస్తుంది. ఒక ఆఫీసులో ఇది నా కళ్లముందే జరిగింది. మొదటి రోజు అంతా బాగానే ఉంది. రెండో రోజు ఒకరు పెట్టిన ఫోల్డర్ ఇంకొకరికి కనిపించలేదు. మూడో రోజుకి ఫైల్ సిస్టమ్ తెరుచుకోలేదు. అందులో ఎవరి తప్పూ లేదు, ఐస్కజీ చేసే పనే అది. వర్చువల్ మెషీన్లకో, ఒకే ఒక్క సర్వర్‌కో డిస్క్ ఇవ్వడానికి అది భేషైనది. నలుగురు కలిసి వాడే ఫోల్డర్‌కి పనికిరాదు. క్లస్టర్ ఫైల్ సిస్టమ్‌లు పెట్టి చేయవచ్చు గానీ, అంత శ్రమ పడాల్సిన అవసరం మీకు లేదు.

ఇక మిగిలింది ఎస్ఎంబీనా (విండోస్ వాడే పద్ధతి, సాంబా మాట్లాడేది ఇదే), ఎన్ఎఫ్ఎస్సా. అన్నిటికీ ఒక్క ఎస్ఎంబీయే పెట్టండని నా సలహా. ఉబుంటుకి కూడా. లినక్స్ వాళ్లకి ఇది కొంచెం చిన్నతనంగా అనిపిస్తుంది, నాకూ మొదట్లో అనిపించింది. ఎన్ఎఫ్ఎస్‌ని సన్ మైక్రోసిస్టమ్స్ 1984లో యూనిక్స్ యంత్రాల కోసం తెచ్చింది. లినక్స్ నుంచి లినక్స్‌కి ఇప్పటికీ అది తేలిక, చురుకు. కానీ విండోస్‌లో దాని క్లయింట్ (సర్వర్‌ని అడిగే వైపు ప్రోగ్రామ్) హోమ్ ఎడిషన్‌లో రాదు, ప్రో లాంటి ఎడిషన్లలో ఉన్నా వెర్షన్ 3 దాటి మాట్లాడదు. మ్యాక్‌లో క్లయింట్ ఉంది గానీ, 1024 కన్నా పెద్ద పోర్టు నుంచి పలకరిస్తుంది కాబట్టి సర్వర్ వైపు 'ఇన్‌సెక్యూర్' అనే ఆప్షన్ పెట్టాల్సి వస్తుంది. ఎస్ఎంబీకి ఈ గొడవలు లేవు. ఆపిల్ కూడా 2013లో మావెరిక్స్ నుంచి ఫైళ్లు పంచే తన సొంత పద్ధతి ఏఎఫ్‌పీని పక్కన పెట్టి ఎస్ఎంబీనే మొదటి ఎంపిక చేసుకుంది. 2020లో బిగ్ సర్‌తో మ్యాక్‌లో ఏఎఫ్‌పీ సర్వర్‌ని తీసేసింది కూడా. పాత ట్యుటోరియల్స్‌లో 'మ్యాక్ కోసం నెటాటాక్ (లినక్స్‌లో ఏఎఫ్‌పీ సర్వర్) వేయండి' అని కనిపిస్తే వదిలేయండి, ఆ కాలం పోయింది.

లినక్స్ మీద ఎస్ఎంబీ మాట్లాడే సాంబా కూడా చిన్నవాడేం కాదు. ఆండ్రూ ట్రిడ్జెల్ 1992లో ఆస్ట్రేలియాలో మొదలుపెట్టాడు. ఎస్, ఎం, బీ అక్షరాలు అదే వరసలో వచ్చే మాటల కోసం డిక్షనరీ వెతికితే దొరికిన పేరట సాంబా. మూడు దశాబ్దాలుగా మైక్రోసాఫ్ట్ మార్పుల వెంట పరిగెత్తుతూ గట్టిపడిన సాఫ్ట్‌వేర్ అది.

అసలు తలనొప్పి ప్రోటోకాల్‌లో ఉండదు. రెండు చోట్ల ఉంటుంది: ఈ ఫైల్ ఎవరిది, ఈ ఫైల్ పేరేంటి. మూడు సిస్టమ్‌లూ ఈ రెండు ప్రశ్నలకి మూడు రకాలుగా జవాబిస్తాయి.

మొదట 'ఎవరిది' సంగతి. లినక్స్, మ్యాక్ రెండూ మనిషిని ఒక అంకెతో గుర్తుపెట్టుకుంటాయి. ఉబుంటులో మొదటి యూజర్ అంకె 1000. మ్యాక్‌లో మొదటి యూజర్ 501. విండోస్‌లో అంకె కాదు, ఎస్ఐడీ అనే పొడుగాటి గుర్తింపు. మామూలుగా పెట్టుకునే ఎన్ఎఫ్ఎస్‌లో పాస్‌వర్డ్ అన్న మాటే లేదు. క్లయింట్ 'నేను 1000ని' అంటే సర్వర్ 'సరే, నువ్వు 1000వి' అని నమ్మేస్తుంది. అందుకే మీ ఉబుంటు ల్యాప్‌టాప్‌లో మొదటి యూజర్ మీరే అయినా, రేపు ఇంకెవరో తమ లినక్స్ ల్యాప్‌టాప్ తెచ్చి తగిలిస్తే వాళ్లూ 1000యే. మీ ఫైళ్లన్నీ వాళ్లవే. 'రూట్ స్క్వాష్' అనే రక్షణ ఒకటి ఉంది గానీ, అది రూట్‌ని (సర్వాధికారాలున్న యూజర్‌ని) మాత్రమే ఆపుతుంది. తన ల్యాప్‌టాప్‌లో రూట్ అయినవాడు ముందుగా 1000గా మారి వస్తే దానికి దిక్కులేదు. ఎవరు ఎవరో ఒక కేంద్రం నుంచి ధ్రువీకరించే కెర్బరోస్‌తో సరిచేయవచ్చు, కానీ నాలుగు కంప్యూటర్ల కోసం కెర్బరోస్ నడపడమంటే పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం.

సాంబాలో అలా కాదు. ఎవరు వచ్చినా యూజర్ పేరు, పాస్‌వర్డ్ చెప్పి రావాలి. లోపలికి వచ్చాక సర్వర్‌లో ఉన్న లినక్స్ యూజర్‌గా మారి ఫైళ్లు ముట్టుకుంటారు. ఇక్కడ చాలామంది తట్టుకుని పడే రాయి ఒకటుంది. సర్వర్‌లో లినక్స్ యూజర్‌ని సృష్టించి పాస్‌వర్డ్ పెట్టినంత మాత్రాన సాంబాకి ఆ పాస్‌వర్డ్ తెలియదు. సాంబా తన జాబితా తనే ఉంచుకుంటుంది. 'ఎస్ఎంబీపాస్‌డబ్ల్యూడీ' (smbpasswd) కమాండ్‌తో ఆ యూజర్‌ని అందులో విడిగా చేర్చాలి. ఇది చేయకుండా గంటల తరబడి ఫైర్‌వాల్ మీద అనుమానపడ్డవాళ్లని చాలామందిని చూశాను.

మ్యాక్ ఫైల్‌ని ఉబుంటు మార్చనివ్వకపోవడానికి కారణం కూడా ఇక్కడే ఉంది. సాంబాలో కొత్త ఫైల్‌కి 'క్రియేట్ మాస్క్' మామూలుగా 0744. అంటే పెట్టినవాళ్లు మాత్రమే రాయగలరు, మిగతావాళ్లు చదవగలరు, అంతే. మ్యాక్ నుంచి మీరు ఒక సాంబా యూజర్‌గా వచ్చారు, ఉబుంటు ఎన్ఎఫ్ఎస్ మీద 1000గా వచ్చింది. సర్వర్ దృష్టిలో వీళ్లిద్దరూ వేరువేరు మనుషులు. పరిష్కారం ఇలా చేయండి. సర్వర్‌లో 'అందరూ' లాంటి అర్థమొచ్చే గ్రూప్ ఒకటి సృష్టించి, నలుగురు యూజర్లనీ అందులో వేయండి. షేర్ ఫోల్డర్‌ని ఆ గ్రూప్ పేరు మీదికి మార్చి, అనుమతులు 2775 పెట్టండి. ముందున్న ఆ 2 ముఖ్యం. దాని వల్ల లోపల పుట్టే ప్రతి ఫైలూ, ఫోల్డరూ అదే గ్రూప్‌ని వారసత్వంగా తీసుకుంటాయి. తర్వాత సాంబా సెట్టింగ్స్‌లో ఆ షేర్ కింద 'ఫోర్స్ గ్రూప్' ఆ గ్రూప్‌కి, 'క్రియేట్ మాస్క్' 0664కి, 'డైరెక్టరీ మాస్క్' 2775కి మార్చండి. 'వాలిడ్ యూజర్స్'లో గ్రూప్ పేరు ముందు ఎట్ గుర్తు పెట్టి రాస్తే ఆ గ్రూప్‌లో లేనివాళ్లు లోపలికే రాలేరు. నెట్‌లో దొరికే '777 కొట్టేయండి' సలహా జోలికి మాత్రం పోకండి. దానివల్ల ఈరోజు ఉన్న ఫైళ్లు తెరుచుకుంటాయి, రేపు పుట్టే ఫైళ్లు మళ్లీ 0744తోనే పుడతాయి. వారానికోసారి 777 కొడుతూ కూర్చోవాలి.

ఉబుంటు వైపు 'సీఐఎఫ్ఎస్ యుటిల్స్' ప్యాకేజీ వేసి, బూట్ అయ్యేటప్పుడు ఏయే డిస్క్‌లు తగిలించాలో చెప్పే ఎఫ్ఎస్‌ట్యాబ్ ఫైల్‌లో షేర్‌ని చేర్చండి. యూజర్ పేరు, పాస్‌వర్డ్ అందులోనే రాయకుండా వేరే ఫైల్‌లో పెట్టి, దానికి 600 అనుమతులివ్వండి. యూఐడీ ఆప్షన్‌లో మీ 1000 రాస్తే ఆ షేర్‌లో ఫైళ్లన్నీ ఉబుంటుకి మీవే అన్నట్టు కనిపిస్తాయి. అసలు అనుమతులు సర్వరే చూసుకుంటుంది. 'నోఫెయిల్' అనేది తప్పకుండా రాయండి. అది లేకపోతే సర్వర్ ఆఫ్‌లో ఉన్న రోజు ల్యాప్‌టాప్ బూట్ మధ్యలోనే ఆగి చూస్తుంటుంది. ఫైల్స్ యాప్‌లో అడ్రస్ కొట్టి తెరుచుకుంటే చాలదా అంటారేమో. చూడటానికి చాలు. కానీ అలా తెరిచింది ఆ డెస్క్‌టాప్ చేసే ఏర్పాటు మాత్రమే, చాలా ప్రోగ్రామ్‌లకి అది మామూలు ఫోల్డర్‌లా కనిపించదు. సేవ్ చేస్తే పోయిందనీ, అసలు తెరుచుకోలేదనీ ఫిర్యాదులు అక్కడి నుంచే వస్తాయి.

ఇక విండోస్. 'నెట్‌వర్క్'లో సర్వర్ కనిపించకపోతే షేర్ పనిచేయడం లేదని కాదు. కనిపించడం వేరు, తెరుచుకోవడం వేరు. పూర్వం ఆ జాబితాని నెట్‌బయోస్, ఎస్ఎంబీ1 కలిసి నింపేవి. ఎస్ఎంబీ1లో ఉన్న లోపాన్ని వాడుకునే 2017 మేలో వానాక్రై అనే రాన్సమ్‌వేర్ (ఫైళ్లకి తాళం వేసి డబ్బు అడిగే ప్రోగ్రామ్) ప్రపంచమంతా పాకింది. దానికి రెండు నెలల ముందే, మార్చిలో, మైక్రోసాఫ్ట్ ప్యాచ్ ఇచ్చినా వేసుకోని యంత్రాలు బోలెడు. అదే ఏడాది చివర్లో వచ్చిన విండోస్ 10 వెర్షన్ 1709 నుంచి కొత్త ఇన్‌స్టలేషన్లలో ఎస్ఎంబీ1 రావడం లేదు. దాంతో పాత జాబితా పద్ధతి కూడా పోయింది. ఇప్పుడు విండోస్ వేరే పద్ధతిలో వెతుకుతుంది, దానికి సాంబా తనంతట తాను జవాబివ్వదు. సర్వర్‌లో 'డబ్ల్యూఎస్‌డీడీ' అనే చిన్న ప్రోగ్రామ్ వేస్తే జవాబిస్తుంది. మ్యాక్ సైడ్‌బార్‌లో కనిపించాలంటే 'అవాహీ' అనే ప్రోగ్రామ్ ఉండాలి. నిజం చెప్పాలంటే నేను ఈ రెండిటి మీదా పెద్దగా ఆధారపడను. రౌటర్‌లో సర్వర్‌కి ఒక ఐపీ అడ్రస్ శాశ్వతంగా కేటాయించి, విండోస్‌లో ఆ అడ్రస్‌తోనే ఒక డ్రైవ్ అక్షరం మ్యాప్ చేస్తాను. మ్యాక్‌లో ఫైండర్ నుంచి కమాండ్ కే నొక్కి అదే అడ్రస్ ఇస్తాను. జాబితాలో కనిపించినా కనిపించకపోయినా పని ఆగదు. ఎస్ఎంబీ1ని తిరిగి ఆన్ చేయమని చెప్పే వీడియోలు ఇంకా తిరుగుతున్నాయి, దయచేసి వినకండి.

విండోస్ 11 వెర్షన్ 24హెచ్2 వచ్చాక ఇంకో టెన్షన్ మొదలైంది. పాస్‌వర్డ్ లేని గెస్ట్ షేర్లు తెరవబోతే 'మీ సంస్థ భద్రతా విధానాలు అడ్డుకుంటున్నాయి' అన్న అర్థంలో ఒక మెసేజ్ వస్తుంది. ఇంట్లో కూర్చున్నవాడికి ఈ సంస్థ ఎక్కడిదో అర్థం కాదు. విషయం ఏంటంటే ప్రో ఎడిషన్‌లో కూడా గెస్ట్ ప్రవేశాన్ని ఆపేశారు, ఎస్ఎంబీ సైనింగ్‌ని (సందేశాలకి డిజిటల్ సంతకం) తప్పనిసరి చేశారు. గెస్ట్‌కి సంతకం చేసే తాళమే ఉండదు కాబట్టి రెండూ కలిసి పొసగవు. మీ సాంబాలో 'మ్యాప్ టు గెస్ట్' అన్న లైన్ 'బ్యాడ్ యూజర్' అని ఉందేమో చూడండి. చాలా డిస్ట్రోల్లో (లినక్స్ రకాల్లో) ముందుగానే ఉంటుంది. అది ఉంటే ఏమవుతుందంటే, విండోస్ మొదట మీరు లాగిన్ అయిన పేరుతో తలుపు కొడుతుంది. ఆ పేరు సాంబా జాబితాలో ఉండదు. 'ఎవరో తెలీదు, గెస్ట్‌గా రానీ' అంటుంది సాంబా. 'గెస్ట్‌గా నేను రాను' అంటుంది విండోస్. మిమ్మల్ని పాస్‌వర్డ్ అడగకుండానే వ్యవహారం చెడుతుంది. ఆ లైన్‌ని 'నెవర్' చేయండి, అప్పుడు పాస్‌వర్డ్ డబ్బా వస్తుంది. అందులో సర్వర్ పేరు, బ్యాక్‌స్లాష్, సాంబా యూజర్ పేరు ఇవ్వండి.

పాస్‌వర్డ్ సరిగ్గా ఇచ్చినా 1219 నంబరు ఎర్రర్ వస్తే భయపడకండి. ఒక విండోస్ లాగిన్ నుంచి ఒకే సర్వర్‌కి రెండు వేరే పేర్లతో ఒకేసారి వెళ్లనివ్వదు. ఇంతకుముందు ఇంకో పేరుతో తెరిచిన కనెక్షన్ ఎక్కడో బతికే ఉంది. 'నెట్ యూజ్' కమాండ్‌తో పాతవి తెంపేసి, క్రెడెన్షియల్ మేనేజర్‌లో దాచిన పాత పేరు తీసేసి మళ్లీ రండి. ఎక్స్‌ప్లోరర్ విండో మూసినంత మాత్రాన కనెక్షన్ తెగదని గుర్తుంచుకోండి.

మ్యాక్ వైపు చేయాల్సింది ఒక్కటే, కానీ తప్పకుండా చేయాలి. సాంబాలో గ్లోబల్ భాగంలో 'విఎఫ్ఎస్ ఆబ్జెక్ట్స్' లైన్‌లో కేటియా, ఫ్రూట్, స్ట్రీమ్స్ ఎక్స్‌అట్టర్ అనే మూడు మాడ్యూళ్లు అదే వరసలో పెట్టండి. ఫ్రూట్ అన్న పేరు ఆపిల్ మీద చమత్కారమే. మ్యాక్ ప్రతి ఫైల్‌కీ రంగుల ట్యాగులు, ఐకాన్ల లాంటి అదనపు సమాచారం తగిలిస్తుంది. ఎక్కడ దాచాలో తెలియకపోతే చుక్క, అండర్‌స్కోర్‌తో మొదలయ్యే తోడు ఫైల్ ఒకటి పక్కన పడేస్తుంది. విండోస్ వాళ్లకి ప్రతి ఫోటోకీ ఒక దయ్యం ఫోటో కనిపించడం అందుకే. ఫ్రూట్ ఉంటే ఆ సమాచారంలో ఎక్కువ భాగం ఫైల్‌తోపాటే లోపల దాగుతుంది. ఒక షేర్‌కి పెట్టి ఇంకోదానికి మానేయకండి. మ్యాక్ మొదట తెరిచిన షేర్‌ని బట్టే సర్వర్ మొత్తం గురించి నిర్ణయించుకుంటుంది, తర్వాత వింత వింతగా ప్రవర్తిస్తుంది. టైమ్ మెషీన్ బ్యాకప్ కూడా ఇదే మాడ్యూల్‌తో అవుతుంది, దానికి వేరే షేర్ చేసి గరిష్ఠ పరిమాణం పెట్టండి. పెట్టకపోతే డిస్క్ నిండేదాకా తినేస్తుంది.

ఇప్పుడు పేర్ల సంగతి. నేను ఎక్కువ రాత్రులు పోగొట్టుకున్నది దీని మీదే.

లినక్స్‌లో ఫైల్ పేరులో స్లాష్ తప్ప దాదాపు ఏదైనా ఉండొచ్చు. విండోస్ కోలన్, ప్రశ్నార్థకం, నక్షత్రం, నిలువు గీత, డబుల్ కోట్స్, కోణపు బ్రాకెట్లు, రెండు రకాల స్లాష్‌లూ ఒప్పుకోదు. పేరు చివర చుక్కగానీ ఖాళీగానీ ఉంటే ఒప్పుకోదు. సీ, ఓ, ఎన్ అనే మూడక్షరాల పేరుతో ఫోల్డర్ చేయనివ్వదు, డాస్ రోజుల్లో అది కీబోర్డు-తెర పేరు కాబట్టి. ఇలాంటి పేరున్న ఫైల్‌ని లినక్స్ వైపు పెడితే సాంబా దాన్ని విండోస్‌కి కుదించి, మధ్యలో టిల్డె గుర్తున్న పిచ్చి పేరుతో చూపిస్తుంది. 'ఎవరో మా ఫైళ్లకి వైరస్ ఎక్కించారు' అని ఒకసారి నాకు ఫోన్ వచ్చింది. వెళ్లి చూస్తే ఎవరో డిజైనర్ ఫైల్ పేర్ల చివర ఒక స్పేస్ వదలడం అలవాటు చేసుకున్నాడు, అంతే. పెద్ద అక్షరం, చిన్న అక్షరం తేడా కూడా అంతే. లినక్స్‌కి అవి రెండు పేర్లు, విండోస్‌కీ మామూలు మ్యాక్‌కీ ఒకటే. రెండు ఫైళ్లు కనిపిస్తాయి, ఏది నొక్కినా ఒకటే తెరుచుకుంటుంది. కేటియా మాడ్యూల్‌తోపాటు 'ఫ్రూట్ ఎన్‌కోడింగ్'ని 'నేటివ్' అని పెడితే మ్యాక్ నుంచి వచ్చే నిషిద్ధ అక్షరాల గొడవ కొంత తగ్గుతుంది.

తెలుగులో పేర్లు పెట్టేవాళ్లకి ఇంకో మూడు గోతులున్నాయి, వీటి గురించి ఎవరూ చెప్పరు. మొదటిది పొడవు. ఎక్స్‌ట్4లో పేరు గరిష్ఠం 255 బైట్లు. ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు సరిపోతుంది, యూటీఎఫ్-8లో తెలుగు గుర్తుకి 3 కావాలి. అంటే 85 గుర్తులు. అది కూడా గుణింతం వేరు, పొల్లు వేరు. 'స్త్రీ' అన్న ఒక్క అక్షరంలో ఆరు గుర్తులున్నాయి, 18 బైట్లు. మామూలుగా ముప్పై, నలభై అక్షరాలకే పేరు నిండిపోతుంది. విండోస్ సొంత ఎన్‌టీఎఫ్ఎస్‌లో లెక్క బైట్లలో కాదు, 255 గుర్తులు. కాబట్టి విండోస్ డెస్క్‌టాప్ మీద హాయిగా ఉన్న పొడుగు తెలుగు పేరు సర్వర్‌కి కాపీ చేయబోతే అడ్డం తిరుగుతుంది. ఈక్రిప్ట్‌ఎఫ్ఎస్‌తో ఎన్‌క్రిప్ట్ చేసిన ఫోల్డర్ అయితే పరిమితి 143 బైట్లే, అంటే 47 గుర్తులు.

రెండోది 'ఐ' గుణింతం. యూనికోడ్‌లో ఐత్వాన్ని ఒకే గుర్తుగా రాయొచ్చు, లేదా ఎత్వం గుర్తు, కింద ఉండే ఐత్వపు తోక గుర్తు అని రెండుగా విడగొట్టి రాయొచ్చు. తెలుగు మొత్తంలో ఇలా అధికారికంగా రెండుగా విడిపోయే గుర్తు ఇదొక్కటే. మ్యాక్ పాత హెచ్ఎఫ్ఎస్ ప్లస్ ఫైల్ సిస్టమ్ ప్రతి పేరునీ విడగొట్టి దాచేది. విండోస్, లినక్స్‌లలో కీబోర్డు మీద కొడితే కలిసిన గుర్తు వస్తుంది. తెర మీద రెండూ ఒకేలా ఉంటాయి. ఎక్స్‌ట్4 మాత్రం బైట్లనే చూస్తుంది, దానికి ఇవి రెండు వేరే పేర్లు. పాత మ్యాక్ డిస్క్ నుంచి ఆర్‌సింక్ అనే కాపీ పనిముట్టుతో తెచ్చినవీ, మ్యాక్‌లో చేసిన జిప్‌ని లినక్స్‌లో విప్పినవీ ఇలా విడగొట్టిన పేర్లతో వస్తుంటాయి. అప్పుడు 'పైలట్' అన్న ఫోల్డర్ రెండుసార్లు కనిపిస్తుంది, లేదా కళ్లముందు ఉన్న ఫైల్ వెతికితే దొరకదు. 'ఫైల్' అన్న మాటలోనే ఐత్వం ఉందని గమనించండి, ఇక ఎన్ని పేర్లు దెబ్బతింటాయో ఊహించుకోవచ్చు.

మూడోది కనిపించని నాన్ జాయినర్. పొల్లుతో ముగిసే మాటలు కొట్టేటప్పుడు కొన్ని కీబోర్డులు పొల్లు తర్వాత జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే కనిపించని గుర్తు చేరుస్తాయి, కొన్ని చేర్చవు. 'బిల్' అన్న ఫోల్డర్‌ని ఒకరు ఫోన్ నుంచి, ఒకరు కంప్యూటర్ నుంచి చేస్తే రెండు 'బిల్'లు పక్కపక్కనే కూర్చుంటాయి. ఎంత సేపు చూసినా తేడా తెలియదు. దీనికి మందు లేదు, పేరు చెరిపి మళ్లీ కొట్టడమే. నేనైతే షేర్ చేసిన డిస్క్‌లో పై రెండు స్థాయుల ఫోల్డర్ల పేర్లు చిన్న ఇంగ్లీషు మాటల్లో పెట్టి, లోపలి పేర్లు ఎవరిష్టం వాళ్లకి వదిలేస్తాను. మార్గం తెగకుండా ఉంటుంది.

ఇద్దరు ఒకే ఫైల్ తెరిస్తే ఏమవుతుందన్నది కూడా అడిగారు. ఎస్ఎంబీలో సర్వర్ ఒక క్లయింట్‌కి 'ప్రస్తుతానికి ఇది నీ ఒక్కదానిదే, నీ దగ్గరే కాపీ ఉంచుకుని పని చేసుకో' అని మాటిస్తుంది. ఇంకొకరు వస్తే ఆ మాట వెనక్కి తీసుకుంటుంది. అందరూ సాంబా గుండానే వస్తే ఇది చక్కగా నడుస్తుంది. అదే ఫోల్డర్‌లోకి ఎన్ఎఫ్ఎస్ దొడ్డిదారిన ఒకరొస్తే సాంబాకి తెలియకుండానే ఫైల్ మారిపోవచ్చు, విండోస్ తన దగ్గరున్న పాత కాపీనే చూపిస్తుంది. అందుకే ఉబుంటుని కూడా సాంబాకే మార్చమన్నాను. ఎన్ఎఫ్ఎస్ మీద మమకారం ఉంటే దానికి వేరే ఫోల్డర్ ఇవ్వండి. డేటాబేస్‌లు, వర్చువల్ మెషీన్ డిస్క్‌లు, ఔట్‌లుక్ పీఎస్‌టీ ఫైళ్లు, ఎస్‌క్యూలైట్ వాడే ఏ ప్రోగ్రామ్ డేటా అయినా షేర్ మీద ఉంచి నేరుగా నడపకండి. ఫైల్ మధ్యలో చిన్న ముక్కకి తాళం వేసి తీసే పని నెట్‌వర్క్ మీద నమ్మకంగా జరగదు.

స్పీడ్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. గిగాబిట్ తీగ మీద సెకనుకి 110 ఎంబీ వరకూ వస్తే అదే గరిష్ఠం అనుకోండి. సరిగ్గా 11 దగ్గర ఆగిపోతే సెట్టింగ్స్ వెతకకండి, కేబుల్ మార్చండి. గిగాబిట్‌కి ఎనిమిది తీగలూ కావాలి, ఒకటి తెగితే చప్పుడు చేయకుండా 100 మెగాబిట్‌కి దిగిపోతుంది. వేల కొద్దీ చిన్న ఫైళ్లు నెమ్మదిగా వెళ్లడం మాత్రం మామూలే, ప్రతి ఫైల్‌కీ రానూపోనూ సంభాషణ ఉంటుంది కదా. జిప్ చేసి పంపండి.

బయటి నుంచి వాడుకోవాలనిపిస్తే రౌటర్‌లో 445 పోర్టు తెరవకండి. వానాక్రై లాంటివి వెతికేది సరిగ్గా ఆ తలుపునే. వైర్‌గార్డ్ లాంటి వీపీఎన్ పెట్టుకుని లోపలికి రండి. రాన్సమ్‌వేర్ ఒక విండోస్‌లో పడితే మ్యాప్ చేసిన డ్రైవ్‌లోని ఫైళ్లని కూడా తాళం వేసేస్తుంది, దానికి సర్వర్ లినక్స్ అయినా తేడా లేదు. బీటీఆర్ఎఫ్ఎస్, జడ్ఎఫ్ఎస్ స్నాప్‌షాట్లు ఇక్కడే ఆదుకుంటాయి. సాంబాలో 'షాడో కాపీ 2' మాడ్యూల్ పెడితే విండోస్‌లో రైట్ క్లిక్ చేసి 'ప్రీవియస్ వెర్షన్స్'లో పాత ఫైల్ తీసుకోవచ్చు. అయినా డిస్క్ ఒక్కటే కాబట్టి, నెలకి ఒక్కసారైనా తగిలించి తీసేసే ఇంకో డిస్క్‌లోకి కాపీ పెట్టండి.

మార్చేటప్పుడు ఈ వరసలో చేయండి. ఎన్ఎఫ్ఎస్ ఆపండి. ఇప్పటికే ఉన్న ఫైళ్లన్నిటినీ కొత్త గ్రూప్‌కి మార్చి, ఫోల్డర్లకి 2775, ఫైళ్లకి 664 విడివిడిగా వేయండి. రెండిటికీ ఒకే అంకె కొడితే ప్రతి ఫోటోకీ ప్రోగ్రామ్‌లా నడిచే అనుమతి వచ్చేస్తుంది. తర్వాత సాంబా ఫైల్‌ని 'టెస్ట్‌పార్మ్'తో పరీక్షించి, అది ఏమీ గొణక్కపోతేనే రీస్టార్ట్ చేయండి. చివరగా విడిపోయిన ఐత్వం ఉన్న పేర్లని సరిచేయడానికి 'కన్వ్ఎంవీ' అనే పనిముట్టు ఉంది. ఎన్ఎఫ్‌సీ ఆప్షన్‌తో నడిపితే ఏ పేరు ఏ పేరుగా మారబోతోందో జాబితా చూపిస్తుంది తప్ప, 'నోటెస్ట్' అని రాసేదాకా ఒక్క ఫైల్‌నీ ముట్టుకోదు. ఆ జాబితా ఓపిగ్గా చదివాకే 'నోటెస్ట్' రాయండి. అదే పేరుతో పక్కన ఇంకో ఫైల్ ముందే ఉంటే, రెండిట్లో ఏది కొత్తదో తెరిచి చూసుకోవాల్సింది మీరే.